61 రోజుల పెద్దావిడ

ఈ వారం ఉత్తరం రాసింది కోస్తా జిల్లాలో ఫిజియోథెరపీ పీజీ చివరి ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి. పేరూ, కాలేజీ పేరూ వేయొద్దని కోరింది. ఆరు పేజీల ఉత్తరంలోని అసలు సంగతులు నా మాటల్లో చెబుతాను.

మోకీలు మార్పిడి ఆపరేషన్ అయినవాళ్ళ మీద ఈ అమ్మాయి థీసిస్. వార్డులో ఎప్పటినుంచో చేయిస్తున్న వ్యాయామాల వరస ఒకటి. ఆపరేషన్ మర్నాటి నుంచే నిలబెట్టి, రోజుకు నాలుగైదు చిన్న విడతల్లో చేయించే కొత్త వరస ఇంకొకటి. వాకర్ వదిలేసి సొంతంగా నడిచిన రోజు ఎన్నోదో రాసుకుంది. 14 మంది పేషెంట్లు దొరికారు. ఏడు చీట్ల మీద ‘పాత’, ఏడింటి మీద ‘కొత్త’ అని రాసి, మడిచి, ఖాళీ హార్లిక్స్ సీసాలో వేసి, ఎవరి చీటీ వాళ్ళచేతే తీయించింది.

పాత వరస వాళ్ళకు పట్టిన రోజులు: 19, 22, 24, 27, 29, 31, 36. కొత్త వరస వాళ్ళకు: 15, 16, 18, 20, 23, 26, 61.

ఆ 61 దగ్గరే చిక్కు వచ్చింది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదాన్ని బట్టి రెండు గుంపుల్ని పోల్చే మాన్-విట్నీ టెస్ట్‌లో అందరినీ కలిపితే పీ వాల్యూ 0.165 వచ్చింది. ఆ ఒక్కరినీ పక్కన పెడితే 0.035. పీ వాల్యూ అంటే, కొత్త వరసలో ఏమీ లేకపోయినా ఇంత తేడానో అంతకంటే ఎక్కువో దానంతట అదే కనబడే అవకాశం. అది 0.05 కంటే తక్కువైతేనే ‘రిజల్ట్’ వచ్చినట్టు అనుకోవడం వాడుక. గైడ్ గారు ఆ కాగితం చూసి, “అది అవుట్‌లయర్, తీసెయ్యి. ఆరుగురితో వెయ్యి” అన్నారట. అవుట్‌లయర్ అంటే మిగతావాటికి దూరంగా పడ్డ అంకె. డబ్బు తీసుకుని లెక్కలు చేసిపెట్టే సెంటర్ అతనూ ఫోన్‌లో అదే మాట అన్నాడట. రూమ్మేట్ అయితే, “అందరూ చేసేదేగా, నువ్వే ఎందుకు ఇంత ఇదైపోతావు?” అందట.

ఆ 61 ఒక పెద్దావిడది. ఆమె గురించి ఈ అమ్మాయి ఇలా రాసింది: “ఆవిడ డిశ్చార్జి అయిన రోజు నా చేతిలో రెండు జామకాయలు పెట్టి వెళ్ళింది మాస్టారూ. ఇంటికి వెళ్ళిన వారానికే వాళ్ళాయన గుండెపోటుతో పోయాడు. మూల కూర్చోబెట్టారు. గదిలోంచి బయటికి రానివ్వలేదు. నేను ఫోన్ చేస్తే కోడలు, ఇప్పుడు వ్యాయామాలేంటమ్మా అని పెట్టేసింది. ఆవిడ పేరు కొట్టేస్తుంటే చెయ్యి ఆడడం లేదు. కొట్టకపోతే రిజల్ట్ లేదు. నాన్న నా ఫీజుకి అరెకరం అమ్మాడు. వచ్చే నెలాఖరుకి సబ్మిషన్. మధ్యగతాలు 27కీ 20కీ మధ్య ఏడు రోజుల తేడా కళ్ళముందే ఉంటే, తేడా లేదని ఎలా అంటారు? ఆవిడని తీసేయడం తప్పా?”

ఇదీ ఉత్తరం.

తల్లీ,

నీ అంకెలు కాగితం మీద పెట్టుకుని రెండు పూటలా కూర్చుని నేను మళ్ళీ వేశాను. నీ లెక్కలో తప్పు లేదు. 0.165 సరైనదే, 0.035 కూడా సరైనదే. అందుకే నీకు నిద్ర పట్టడం లేదు. లెక్క తప్పయితే దిద్దుకుని ఊరుకునేదానివి.

ముందు మధ్యగతం సంగతి. ఏడుగురిని రోజుల వరసలో నిలబెడితే నాలుగో మనిషి దగ్గరున్న అంకె మధ్యగతం. పాతవాళ్ళలో 27, కొత్తవాళ్ళలో 20. అదే సగటు తీసి చూడు. పాతవాళ్ళది 26.9, కొత్తవాళ్ళది 25.6. ఒకటింపావు రోజు తేడా. 61 ఒక్కటే సగటును అంత పైకి లాగేసింది. నువ్వు సగటు వదిలి మధ్యగతం పట్టుకోవడం మంచి పని. ఇంత తక్కువమంది ఉండి, అందులో ఒకరు దూరంగా పడ్డప్పుడు నేనైనా అదే చేస్తాను.

ఇక్కడ ఒక సంగతి గమనించు. ఆవిడకి 61 బదులు 161 రోజులు పట్టినా మధ్యగతం 20 దగ్గరే ఉంటుంది. ఆవిడని తీసేస్తే మిగిలిన ఆరుగురి మధ్యగతం 19. ఒక్క రోజు తేడా, అంతే. అంటే ఆవిడ వల్ల నీ మధ్యగతం చెడిపోలేదు. అవుట్‌లయర్ కొంప ముంచుతుందన్న మాట సగటు విషయంలో నిజం. నీ టెస్ట్ విషయంలో కాదు. మాన్-విట్నీ కూడా ఎవరి తర్వాత ఎవరన్న వరసను చూస్తుందే తప్ప అంకెను చూడదు. ఆవిడ అందరికంటే చివర నడిచింది, అంతవరకే దానికి తెలుసు. 61 బదులు 37 ఉన్నా 0.165 అలాగే వస్తుంది. ఈ మాట గైడ్ గారికి నెమ్మదిగా చెప్పొచ్చు. ‘అంకె మరీ పెద్దది, అందుకని తీసేశాం’ అన్న కారణం ఈ టెస్ట్‌కి పనికిరాదు.

ఇక నువ్వు అసలు అడిగింది. ఏడు రోజుల తేడా కళ్ళముందు ఉంటే టెస్ట్ ఎందుకు ఒప్పుకోదు?

దీనికి జవాబు నీ హార్లిక్స్ సీసాలోనే ఉంది. కాసేపు కొత్త వరసలో ఏ మహత్యమూ లేదనుకో. అలాంటప్పుడు ఏ చీటీ తీసినా ఒక్కొక్కరూ నడిచే రోజు మారదు. 15వ రోజు నడిచినాయన పాత చీటీ తీసినా 15వ రోజే నడిచేవాడు. ఇక తేడా అంతా ఎవరి చేతికి ఏ చీటీ వచ్చింది అన్నదాని వల్లే. 14 మందిని ఏడుగురు, ఏడుగురుగా విడదీయడానికి 3432 దారులున్నాయి. నీ సీసా చూపించింది అందులో ఒక్క దారి. ఆ 3432లో ఎన్నింట్లో రెండు మధ్యగతాల మధ్య ఏడు రోజులో అంతకంటే ఎక్కువో తేడా వస్తుంది? పాతవైపు మొగ్గినా, కొత్తవైపు మొగ్గినా కలిపి లెక్కపెట్టాను. 552. నూటికి 16.

అంటే కొత్త వరసలో ఏమీ లేకపోయినా, ఆ సీసాను వందసార్లు ఊపితే పదహారుసార్లు ఇంత తేడా దానంతట అదే కనబడుతుంది. నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఈ రాత్రి రూమ్‌లో చేసి చూడు. 14 కాగితం ముక్కల మీద నీ 14 అంకెలు రాయి. బోర్లించి కలిపెయ్యి. ఏడు తీసి ఒకవైపు, ఏడు ఇంకోవైపు వరసగా పేర్చు. రెండు వైపులా నాలుగో ముక్క చూడు. తేడా రాసుకో. మళ్ళీ కలుపు. ఇలా ఇరవైసార్లు చేస్తే మూడుసార్లు అటూ ఇటూగా ఏడో అంతకంటే ఎక్కువో వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు నీ గుండె ఝల్లుమంటుంది. నా క్లాసులో పిల్లల చేత చింతగింజలతో ఇదే చేయించేవాణ్ణి. పుస్తకంలో నాలుగు పేజీలు చదివినా ఎక్కనిది అప్పుడు ఎక్కేది.

ఏడుగురి మధ్యగతం అంటే నాలుగో మనిషి ఒక్కడి భుజం మీద నిలబడ్డ అంకె. నీ కొత్తవాళ్ళలో 20కి ఇటు 18, అటు 23. పాతవాళ్ళలో 27కి ఇటు 24, అటు 29. రెండువైపులా ఒక్కొక్కరు అటూ ఇటూ అయితే ఆ ఏడు రోజుల తేడా ఒక్క రోజు కావచ్చు, పదకొండు రోజులూ కావచ్చు. నువ్వు కళ్ళతో చూసింది నిజమే. ఎంత గట్టిది అన్నదే తేలలేదు.

మాన్-విట్నీ దగ్గరికి వస్తే, దాన్ని జోడీలుగా ఆలోచించు. పాతవాళ్ళు ఒక్కొక్కరినీ కొత్తవాళ్ళు ఒక్కొక్కరితో పోటీకి నిలబెట్టు. 7 ఇంటూ 7, మొత్తం 49 జోడీలు. ఎన్నింట్లో కొత్త వరస మనిషి ముందు నడిచాడు? నేను లెక్కపెట్టాను, 36. పెద్దావిడ ఒక్క జోడీలో కూడా ముందు రాలేదు కాబట్టి ఆ ఏడూ పోయాయి. ఏడుగురు, ఏడుగురు ఉన్నప్పుడు పీ వాల్యూ 0.05 కిందికి దిగాలంటే 49లో కనీసం 41 రావాలి. నీకు ఐదు తక్కువయ్యాయి.

ఇప్పుడు ఆవిడని తీసెయ్యి. జోడీలు 42 అవుతాయి. గెలిచినవి ఆ 36 అలాగే ఉంటాయి. ఏడుగురికి ఆరుగురు అయినప్పుడు కావలసింది 42లో 36. నీ ‘రిజల్ట్’ సరిగ్గా గీత మీద కాలు పెట్టి నిలబడింది చూడు. ఒక్క జోడీ అటు తిరిగినా ఆ గీత అందదు. ఆవిడని తీసేసి కొన్న 0.035 అంత బలహీనమైనది.

ఇంకొకటి కూడా వేసి చూశాను. పాపం ఆవిడకి ఆ కష్టం రాకుండా, వ్యాయామాలు ఆపకుండా ఉంటే? ముప్ఫయ్యో రోజున నడిచిందనుకుందాం. 49లో 38 వస్తాయి, పీ వాల్యూ 0.097. అప్పుడూ చాలదు. ఆవిడ 23వ రోజుకో అంతకు ముందో నడిచి ఉంటేనే నీకు 41 వచ్చేవి. అంటే నీ థీసిస్‌కి అడ్డుపడింది ఆవిడ కాదు. పేషెంట్లు తక్కువ కావడం అడ్డుపడింది. ఆవిడ మీద నీకు లోపల ఎక్కడైనా కినుక ఉంటే అది తీసెయ్యి. ఉత్తరంలో నువ్వు అలా రాయలేదు, కానీ ఇలాంటప్పుడు ఎవరికైనా అనిపిస్తుంది.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో తెలిస్తే నీకు కొంచెం ధైర్యం వస్తుంది. ఫ్రాంక్ విల్కాక్సన్ అని అమెరికాలో పురుగుమందుల మీద పనిచేసిన కెమిస్టు 1945లో నాలుగు పేజీల వ్యాసంలో దీన్ని చెప్పాడు. అందులో ఆయన చూపించిన ఒక ఉదాహరణలో ఉన్నవి రెండు ఈగల మందులు, ఒక్కోదానికి ఎనిమిది అంకెలు, అంతే. 1947లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో మాన్, ఆయన శిష్యుడు విట్నీ దాన్ని విస్తరించారు. తక్కువ అంకెలున్నవాళ్ళ కోసమే పుట్టిన పద్ధతి ఇది. ఏడుగురే అని నువ్వు తల దించుకోనక్కర్లేదు. ఏడుగురితో ఎంత చెప్పగలమో అంత చెబితే చాలు. ముగ్గురు, ముగ్గురుతో చేసుంటే విడదీసే దారులు 20 మాత్రమే. ఎంత గొప్ప తేడా వచ్చినా పీ వాల్యూ 0.10 కంటే కిందికి దిగదు. ఆ లెక్కన నీకు 3432 దారులున్నాయి.

కాకపోతే ఒక జాగ్రత్త చెప్పాలి. థీసిస్‌లో చాలామంది ‘మాన్-విట్నీ టెస్ట్‌తో మధ్యగతాలు పోల్చాం’ అని రాసేస్తారు. రెండు గుంపుల ఆకారం ఒకేలా ఉండి, ఒకటి కాస్త పక్కకి జరిగినట్టు ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. నీ కొత్త గుంపుకి 61 దాకా సాగిన తోక ఉంది. కాబట్టి నీ టెస్ట్ చెప్పింది జోడీల సంగతి. ‘49 జోడీల్లో 36 జోడీల్లో, అంటే నూటికి 73, కొత్త వరస మనిషి ముందు నడిచాడు’ అని రాయి. అచ్చంగా మధ్యగతాలనే పోల్చాలంటే నీ చీట్ల లెక్క ఉంది, ఆ 552 బై 3432. దాన్ని పర్మ్యుటేషన్ టెస్ట్ అంటారు. నువ్వు నిజంగా చీట్లు తీయించావు కాబట్టి దాన్ని వాడే హక్కు నీకు పూర్తిగా ఉంది. మూడ్ మీడియన్ టెస్ట్ అని ఇంకొకటి ఉంది. 14 మందినీ కలిపి మధ్య గీత గీస్తే పాతవాళ్ళు ఐదుగురు పైన, ఇద్దరు కింద. కొత్తవాళ్ళు ఇద్దరు పైన, ఐదుగురు కింద. అందులో 0.29 వస్తుంది. అది అంకెల్లో ఉన్న సమాచారం చాలావరకు పారేస్తుంది కాబట్టి ఇంత చిన్న లెక్కకి నేను వాడను. సెంటర్ అతను బూట్‌స్ట్రాప్ చేద్దామంటే వద్దను. ఏడు అంకెల్లోంచి మళ్ళీ మళ్ళీ ఎత్తి మధ్యగతం తీస్తే ఆ ఏడు అంకెలే తిరిగి తిరిగి వస్తాయి.

అసలు నీ థీసిస్‌లో పీ వాల్యూ కంటే ముందు ఉండాల్సిన అంకె వేరే ఉంది. ఆ 49 జోడీల్లో పాత మనిషి రోజుల్లోంచి కొత్త మనిషి రోజులు తీసెయ్యి. 49 తేడాలు వస్తాయి. వరసగా పేర్చి నడిమధ్యది, అంటే 25వది చూడు. 6. కింది నుంచి తొమ్మిదోది, పై నుంచి తొమ్మిదోది చూడు. మైనస్ 4, 13. దీన్ని హాడ్జెస్-లేమన్ అంచనా అంటారు, 1963 నాటిది. మామూలు తెలుగులో చెబితే: కొత్త వరస ఓ ఆరు రోజులు ముందు నడిపిస్తున్నట్టు కనబడుతోంది. నిజం తేడా 13 రోజులు ముందు దగ్గర్నుంచి 4 రోజులు ఆలస్యం దాకా ఎక్కడైనా ఉండొచ్చు. దీని నమ్మకం స్థాయి నూటికి 96. వార్డులో పనిచేసే ఏ ఫిజియోకైనా ఈ వాక్యం పనికొస్తుంది. ‘పీ విలువ 0.05 కంటే తక్కువ’ అన్న వాక్యంతో వాళ్ళకి ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు ఆవిడ దగ్గరికి వద్దాం.

ఆవిడని తీసేయడం తప్పా అని అడిగావు. ఒక్క మాటలో తప్పు, ఒప్పు అనను. తీసేయడానికి న్యాయమైన కారణాలు ఉంటాయి. 16ని 61 అని తిరగేసి రాసి ఉంటే దిద్దాలి. ఆవిడ అసలు మోకీలు మార్పిడి పేషెంటే కాకపోతే తీసెయ్యాలి. ‘మధ్యలో వ్యాయామాలు మానేసినవాళ్ళని లెక్కలోకి తీసుకోం’ అని థీసిస్ ముందస్తు ప్రణాళిక అయిన సినాప్సిస్‌లో ముందే రాసి ఎథిక్స్ కమిటీ ఒప్పుకుని ఉంటే, దాని ప్రకారం పక్కన పెట్టొచ్చు. నీ సినాప్సిస్ తీసి చదువు. సీటీఆర్ఐలో, అంటే పేషెంట్ల మీద చేసే పరీక్షల జాతీయ రిజిస్ట్రీలో, నమోదు చేసి ఉంటే అక్కడ ఏం రాశావో కూడా చూడు. అంకెలు చూడక ముందు రాసిన నియమానికి విలువ ఉంటుంది. పీ వాల్యూ చూశాక పుట్టిన నియమానికి ఉండదు.

ఆవిడ కొత్త చీటీ తీసింది. ఇంటికి వెళ్ళాక వరస సాగలేదు. అయినా ఆవిడ కొత్త గుంపు మనిషే. పేషెంట్ల మీద చేసే పరీక్షల్లో ఏ గుంపు చీటీ తీస్తే ఆ గుంపులోనే లెక్కపెట్టాలన్న పద్ధతి ఊరికే రాలేదు. రోజుకు నాలుగైదుసార్లు చేయాల్సిన వరస అంటే ఇంట్లో ఎవరో ఒకరు పూనుకోవాలి. చావు, పెళ్ళి, వరికోతలు, ఏదొచ్చినా ముందు ఆగిపోయేది అలాంటి వరసే. పాత వరస తేలిక కాబట్టి అన్ని ఇబ్బందుల్లోనూ ఎంతోకొంత సాగుతుందేమో. ఆవిడని తీసేస్తే, కొత్త వరస మన ఇళ్ళలో ఎక్కడ తెగిపోతుందో చెప్పే ఒకే ఒక్క సాక్ష్యం పోతుంది. నువ్వు ఫోన్ చేసినప్పుడు కోడలు అన్న ఆ ముక్క నీ థీసిస్ ‘డిస్కషన్’ అధ్యాయంలో ఉండాల్సిన మాట అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఒకటి అడుగుతాను, నొచ్చుకోకు. పాత గుంపులో 36 రోజులు పట్టినాయన ఒకరున్నారు. ఆయన సంగతి నీ ఆరు పేజీల్లో ఒక్క ముక్క లేదు. ఆయనకెందుకు అంత ఆలస్యమైంది? షుగరా? కుట్లు మానలేదా? ఇంట్లో ఏదైనా జరిగిందా? పెద్దావిడ కారణం నీకు తెలిసింది, ఎందుకంటే ఆవిడ అంకె నీకు అడ్డొచ్చింది. ఆయన అంకె నీకు అనుకూలంగా ఉంది కాబట్టి ఎవరూ అడగలేదు. ఆవిడకి కారణం ఉందని తీసేస్తే ఆయనకీ కారణం ఉందేమో చూసి తీసెయ్యాలి. ఇద్దరినీ తీసేస్తే ఆరుగురికి ఆరుగురు, 36 జోడీల్లో 30. అది గీత చేరదు, 31 కావాలి. ఒకవైపే వెతికి ఒకవైపే తీయడం వల్ల వచ్చిన 0.035 అది.

నీ ముందున్న దారులు చెబుతాను. ఏది పట్టుకోవాలో నువ్వే తేల్చుకో.

ఆవిడని మాట్లాడకుండా తీసేయడం ఒక దారి. గైడ్ గారు సంతకం పెడతారు, నెలాఖరుకి సబ్మిట్ అవుతుంది. కానీ థీసిస్ చివర మాస్టర్ చార్ట్, అంటే పేషెంట్లందరి వివరాల పట్టిక, పెట్టాలి కదా. ఏడుగురు, ఆరుగురు అని చూడగానే వైవాకి వచ్చే బయటి ఎగ్జామినర్ ‘ఏడో మనిషి ఏరమ్మా?’ అని అడగొచ్చు. అడగకపోనూ వచ్చు. ఆవిడ కేస్ షీట్ మాత్రం డిపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. అది చాలదన్నట్టు, నీ థీసిస్ చూసి రేపు ఇంకో వార్డులో కొత్త వరస మొదలుపెట్టేవాళ్ళకి, ఇంట్లో ఆసరా లేకపోతే ఇది సాగదన్న సంగతి తెలియదు. నువ్వు ఎవరికీ దొరక్కపోయినా అక్కడ దెబ్బ తగిలేది పేషెంటుకి.

చెప్పి తీసేయడం రెండో దారి. ‘ఒక పేషెంటు ఇంట్లో మరణం వల్ల వ్యాయామం ఆపేశారు, ఆమెని మినహాయించాం’ అని రాసి 0.035 చూపించడం. దాచడం లేదు కాబట్టి ఇది మొదటిదానికంటే చాలా మేలు. కానీ ముందే రాసుకున్న నియమం లేకపోతే దీన్నీ ఎవరైనా నిలదీయొచ్చు. 0.035 అంత సన్నని గీత మీద ఉందని ఇప్పుడు నీకు తెలుసు కాబట్టి, అడిగితే నీకే గొంతు తడబడుతుంది.

మూడోది, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టడం. పెద్ద అక్షరాల్లో 14 మందితో వచ్చింది: మధ్యగతాలు 27, 20, తేడా అంచనా 6 రోజులు, మైనస్ 4 నుంచి 13, పీ వాల్యూ 0.165. దాని కింద, ఆవిడ లేకుండా ఏమొస్తుందో ఒక వరస. ఆ కింద కారణం. ఆవిడ ఊరూ పేరూ తెలియకుండా రాయి. నీ స్థానంలో ఉంటే నేను ఇది చేసేవాణ్ణి. దీనివల్ల ‘రిజల్ట్ రాలేదు’ అని ఎవరైనా పెదవి విరవొచ్చు. జర్నల్‌లో వేయించుకోవడం కొంచెం కష్టం కావొచ్చు. తేడా తేలలేదన్నంత మాత్రాన పీజీ పరీక్ష తప్పినవాళ్ళని నా సర్వీసులో నేను చూడలేదు. లెక్కలు ఎలా వచ్చాయో చెప్పలేక వైవాలో నీళ్ళు నమిలినవాళ్ళని మాత్రం చాలామందిని చూశాను.

ఇంకా పేషెంట్లని చేర్చడం నాలుగోది. నిజంగా తేడా ఉంటే అది బయటపడటానికి సరైన మందు ఇదే. కానీ నెలాఖరు లోపల కాదు. ఎక్స్‌టెన్షన్ కావాలి, ఎథిక్స్ కమిటీకి మళ్ళీ అర్జీ పెట్టాలి, ఇంకో ఆరు నెలల ఫీజు, హాస్టల్ ఖర్చు పడతాయి. మీ నాన్నగారి అరెకరం గుర్తుంచుకుని చెబుతున్నాను, ఇప్పుడు ఇది నీకు తగదనిపిస్తోంది. చేర్చినా, ‘పీ వాల్యూ దిగేదాకా ఒక్కొక్కరినే చేర్చుకుంటూ పోదాం’ అని మాత్రం చేయకు. ఎంతమందో ముందే రాసుకుని అక్కడికి ఆగాలి. లేకపోతే సీసాని తేడా వచ్చేదాకా ఊపినట్టే అవుతుంది. దీనికి బదులు ఇప్పటి థీసిస్‌నే పైలట్ స్టడీ, అంటే పెద్ద పరిశోధనకి ముందు చేసే చిన్న ప్రయత్నం, అని పేరు పెట్టి, తర్వాత వచ్చే పీజీలు ఎంతమందిని తీసుకోవాలో నీ అంకెలతో అంచనా వేసి చివరి పేజీలో రాయొచ్చు. దానికి గైడ్ గారు ఒప్పుకునే వీలు ఎక్కువ. తర్వాతి బ్యాచ్‌కి ఆయన దగ్గర ఒక టాపిక్ సిద్ధంగా ఉన్నట్టు అవుతుంది.

గైడ్ గారితో ఎలా మాట్లాడాలన్నదే నీ అసలు భయం అని నాకు అర్థమైంది. ఆయన్ని చెడ్డవాడు అనుకోకు. ఆయన చదువుకున్న రోజుల్లో అవుట్‌లయర్ అంటే తీసెయ్యమనే నేర్పించి ఉంటారు. తేడా తేలని థీసిస్ అంటే ఆయనకీ పైవాళ్ళ దగ్గర మొహమాటం. ‘సర్, మీరు చెప్పింది తప్పు’ అని వెళ్ళకు. రెండు వరసల టేబుల్ చేతిలో పట్టుకుని వెళ్ళు. ‘సర్, వైవాలో ఏడో పేషెంట్ ఏరని అడిగితే ఏం చెప్పమంటారు?’ అని అడుగు. ఆయన సలహా అడిగినట్టే ఉంటుంది, ఆయనకి కూడా ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. జోడీల లెక్క బోర్డు మీద వేసి చూపించు. 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పీ వాల్యూల మీద ఒక ప్రకటన చేసింది. ఒక గీత దాటిందా లేదా అన్నదాన్ని బట్టే నిర్ణయాలకి రావద్దని అందులో స్పష్టంగా ఉంది. దాని ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకో. ఆయన అడిగితేనే చూపించు.

అప్పటికీ ‘తీసెయ్యాల్సిందే’ అంటే, కో-గైడ్ ఉంటే ఆయన్నో, కాలేజీలో బయోస్టాటిస్టిక్స్ చెప్పే వాళ్ళనో ఒకసారి కూర్చోబెట్టమని అడుగు. ఒక్కదానివే పోట్లాడకు. అదీ కుదరకపోతే కనీసం రెండో దారి దగ్గర పట్టుబట్టు. మినహాయించినట్టు, ఎందుకు మినహాయించామో, కలిపితే ఎంత వచ్చిందో, ఈ మూడు ముక్కలూ థీసిస్‌లో ఉండాలి. ఇరవయ్యేళ్ళు దాటిన పిల్లవి, డిగ్రీ చేతికి రావాలి, ఇంటి పరిస్థితి అలా ఉంది. ఎంత దూరం లాగగలవో నీకే తెలుసు. అంతకంటే లాగమని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను.

నాన్నగారికి ఏం చెప్పాలో కూడా అడిగావు. అరెకరం అమ్మిన మనిషికి పీ వాల్యూ గురించి చెప్పనక్కర్లేదు. ‘14 మందిని నడిపించాను నాన్నా’ అని చెప్పు. అది నిజం కూడా. 61వ రోజునైనా ఆవిడ వాకర్ వదిలేసి నడిచింది కదా. ఆ సంగతి నీకు ఎలా తెలిసింది, నువ్వే వెళ్ళి చూశావా, ఆవిడే ఫోన్ చేసిందా? ఉత్తరంలో రాయలేదు.

రేపు డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళగానే 36 రోజులాయన కేస్ షీట్ తీయించు. అందులో ఏం రాసి ఉందో చూసి నాకు మళ్ళీ ఉత్తరం రాయి. టేబుల్ వేసి పంపితే గైడ్ గారి దగ్గరికి వెళ్ళే ముందు ఒకసారి సరిచూసి పెడతాను.